దారిఖర్చు తక్కువైతే దారినపోయేవాళ్లే దిక్కా?

సంచిలో రెండు జతల బట్టలు, స్లీపర్ క్లాసు టికెట్టు, లెక్కపెట్టి ఉంచుకున్న డబ్బు. ఇలా బయల్దేరేవాళ్లకు రెండు రకాల సలహాలు అందుతాయి. ‘ఎవర్నీ నమ్మకు’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ‘నువ్వు వెళ్లు, అన్నీ అవే కుదురుతాయి’ అంటారు తిరిగొచ్చిన స్నేహితులు. రెండింటిలోనూ నిజం సగమే. ముక్కూమొహం తెలియనివాళ్ల మంచితనం మనం భయపడేంత అరుదు కాదు, మనం ఆశపడేంత ఉచితమూ కాదు.

అపోహ: పరాయి ఊళ్లో డబ్బు కంటబడితే ఎవరూ వదలరు.

వాస్తవం: 40 దేశాల్లోని 355 నగరాల్లో పరిశోధకులు ఒక పరీక్ష పెట్టారు. హోటళ్లు, బ్యాంకులు, పోస్టాఫీసుల వంటి చోట్ల 17 వేలకు పైగా పర్సులను ‘రోడ్డు మీద దొరికింది, మీరే చూడండి’ అని చెప్పి అక్కడి సిబ్బందికి ఇచ్చారు. ఫలితాలు 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. డబ్బులేని పర్సుల సొంతదారులను వెతికి కబురు చేసింది సుమారు 40 శాతం మంది. కొద్దిగా డబ్బున్న పర్సుల విషయంలో అది 51 శాతానికి పెరిగింది. ఈ దేశాల్లో మనదీ ఉంది. అంటే డబ్బు చూడగానే అందరికీ ఆశ పుట్టదు. పోగొట్టుకున్నవాడి అవస్థ, తానే దొంగననిపించుకుంటానన్న సంకోచం కూడా పనిచేస్తాయి. అలాగని సగం మంది కబురే చేయలేదన్నదీ మరవొద్దు. పర్సు జాగ్రత్త మనదే.

అపోహ: అడిగితే కాదంటారు, పరువు పోవడమే మిగులుతుంది.

వాస్తవం: సాయం అడిగేవాళ్ల అంచనా సాధారణంగా తప్పుతుంది. ఫ్లిన్, లేక్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి ఇలా సాగింది. తెలియనివాళ్లతో ప్రశ్నపత్రాలు నింపించాలంటే సుమారు 20 మందిని అడగాల్సి వస్తుందని విద్యార్థులు అనుకున్నారు. తీరా వెళితే దాదాపు 10 మందితోనే పనైపోయింది. మొహం మీద కాదనడం ఎదుటివాళ్లకు ఎంత కష్టమో అడిగేవాళ్లకు తట్టదు. ఇందులోనే ఒక బాధ్యత కూడా ఉంది. కాదనలేక ఔనన్నవాళ్లను ఇబ్బంది పెట్టకూడదు. ‘ఇక్కడెక్కడైనా పడుకోవచ్చా?’ అనే బదులు ‘చవగ్గా బస దొరికే చోటు చెబుతారా?’ అనండి. మొదటిది వాళ్లను ఇరుకున పెడుతుంది. రెండోదానికి నలుగురు నాలుగు దారులు చూపిస్తారు.

అపోహ: గురుద్వారాలో భోజనం సిక్కులకే.

వాస్తవం: గురుద్వారాలో పెట్టే ఈ ఉచిత భోజనాన్ని లంగర్ అంటారు. అక్కడ కులం, మతం అడగరు. అమృత్‌సర్ స్వర్ణదేవాలయం దాకా పోనక్కర్లేదు. తెలంగాణ సరిహద్దు దాటగానే బీదర్‌లో నానక్ ఝీరా సాహిబ్ ఉంది, మహారాష్ట్ర నాందేడ్‌లో హజూర్ సాహిబ్ ఉంది. చెప్పులు విడిచి, తల మీద గుడ్డ కప్పుకుని, పంక్తిలో నేల మీద కూర్చోవాలి. రొట్టెను రెండు చేతులు చాచి అందుకోవాలి. తినగలిగినంతే పెట్టించుకోవాలి. పెద్ద గురుద్వారాల్లో బస కూడా ఉంటుంది, దానికి రోజుల పరిమితి పెడతారు. బిల్లు ఉండదు గానీ పని ఉంటుంది: కూరగాయలు తరగడం, రొట్టెలు ఒత్తడం, పళ్లేలు కడగడం. ఓ గంట ఆ పళ్లేల దగ్గర నిలబడితే పెట్టేవాళ్లెవరో తినేవాళ్లెవరో తేడా తెలియదు.

అపోహ: ఆ రోజుల్లో దారి పొడవునా ఆదరణే, ఇప్పుడే మనుషులు మారిపోయారు.

వాస్తవం: సత్రాలు ఉండేవి, నిజమే. కానీ వాటిలో చాలా వాటికి కులం గడప ఉండేది. శ్రీశైలంలో, కాశీలో కులాల పేర్లతో నడిచే సత్రాలు నేటికీ కనిపిస్తాయి. అందుకే కోనసీమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) పేరు ప్రత్యేకంగా నిలిచింది. గోదావరి పాయలు దాటి ఆకలితో వచ్చినవాళ్లకు వేళ కాని వేళలోనూ, కులం అడక్కుండా అన్నం పెట్టిన ఇల్లాలిగా ఆమెను చెప్పుకుంటారు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి 2024లో ఆమె పేరే పెట్టారు. అందరూ అలాగే పెట్టే కాలమైతే ఒక్క పేరు ఇంతకాలం గుర్తుండేది కాదు.

అపోహ: ఇచ్చింది వద్దంటే అవమానించినట్టే.

వాస్తవం: అపరిచితులిచ్చే తినుబండారాలు తీసుకోవద్దని రైల్వే ఊరికే హెచ్చరించదు; మత్తుమందు కలిపి దోచుకున్న కేసులున్నాయి. ‘ఇప్పుడే తిన్నానండీ’ అంటే మంచివాళ్లు నొచ్చుకోరు. వద్దన్న కొద్దీ బలవంతపెట్టేవాళ్లనే కనిపెట్టి ఉండాలి. సాయం కోసం ఫోన్ చేయడానికి రైల్లో 139, ఎక్కడైనా 112 గుర్తుంచుకోండి.

అపోహ: చేతిలో పైసా లేకున్నా లోకం చుట్టి రావచ్చు.

వాస్తవం: దీనికి అందరూ సతీశ్ కుమార్, ఇ.పి. మీనన్‌ల కథే చెబుతారు. అణ్వాయుధాలు వద్దంటూ ఆ ఇద్దరూ 1962లో ఢిల్లీ నుంచి నడక మొదలుపెట్టారు. డబ్బు ముట్టుకోవద్దన్న వినోబా భావే సలహా పాటిస్తూ మాస్కో, పారిస్, లండన్‌ల మీదుగా వాషింగ్టన్ చేరారు. సముద్రాలు మాత్రం ఓడల్లో దాటారు. అయితే వాళ్లది విహారం కాదు. అన్నం పెట్టినవాళ్లు ఒక ఉద్యమానికి పెట్టారు. మనం ఊళ్లు చూడ్డానికి పోతూ, రోజుకూలీ చేసుకునే ఇంట్లో వాళ్ల రాత్రి భోజనంలో వాటా తింటే, మనకు మిగిలిన డబ్బు వాళ్ల జేబులోంచి పోయినట్టే.

కాబట్టి దారిఖర్చు లెక్కలో టికెట్లు, తిండి, బసతో పాటు ఇంకో పద్దు రాసుకోవాలి. తిన్నచోట హుండీలో వేయడానికో, ఆదరించిన ఇంటి పిల్లలకు పళ్లు కొనడానికో, టికెట్టుకు చిల్లర తక్కువైన తోటి ప్రయాణికుడికి ఇవ్వడానికో ఆ డబ్బు పనికొస్తుంది. ఆ పద్దుకు చోటు లేనంత ఇరుకు బడ్జెట్ అయితే, ప్రయాణాన్ని ఒక రోజు తగ్గించుకోవడం మేలు.