పేద చిత్రము – పెద్ద సంసారము

గడచిన దసరా సెలవులలో మా మరిదిగారి కుమారుడు మాయింటికి వచ్చెను. మూడునాళ్లు మాటలేక తిరిగి, నాల్గవనాడు మేము వంటయింట మినపపప్పు రుబ్బుచుండగా గడపకడ కూర్చుండి, "పెద్దమ్మా, నీ గాజుల జత కొన్నాళ్లు కుదువ పెట్టుకొనుటకు ఇత్తువా?" అని యడిగెను. స్నేహితులు అయిదారుగురు కూడి, ఏ నిర్మాతనూ ఆశ్రయింపక, తమ చేతిసొమ్ముతో ఒక చిన్న చిత్రము తీయ మొదలిడిరట. కెమేరా అద్దెకు దొరకినదట, వేషము వేయువారు దొరకిరట, సొమ్ము మాత్రము సగములో నిండుకొన్నదట.

మావారు బడిపంతులు. వారితో చెప్పగా, "గాజులు నీవి, ఇచ్చుటయు మానుటయు నీ ఇష్టము. అయినను అట్టి పని ఎట్లు నడచునో తెలిసికొని మరీ ఇమ్ము" అనిరి. మాకు సినిమాలు చూచుటయేగాని తీయు వైనము తెలియదు. వంగదేశమున ఇట్లే చేతిసొమ్ముతో మొదలిడిన "పథేర్ పాంచాలి" చిత్రమును మాత్రము చూచియుంటిమి. దానిని తీసిన సత్యజిత్ రాయ్‌గారును, వారి భార్య బిజయా రాయ్‌గారును ఆ దినముల ముచ్చటలను తమ గ్రంథములలో వ్రాసియున్నారు. రాత్రులందు మావారు చదివి అర్థము చెప్పగా మేము వింటిమి. విన్నకొలది మాకు ఒక సంగతి తోచెను. దానిని సోదరీమణులతో చెప్పుకొనవలెననియే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయగారి నవల 1929లో గ్రంథరూపమున వెలువడెను. రాయ్‌గారు కలకత్తాలో ఒక ప్రకటనల కంపెనీయందు ఉద్యోగము చేయుచు, ఆ నవలను పిల్లలకొరకు సంగ్రహించిన పుస్తకమునకు బొమ్మలు వ్రాసిరి. అప్పటినుండియే దీనిని చిత్రముగా తీయవలెనన్న కోరిక వారికి కలిగెనట. నిర్మాతలెవ్వరును ముందునకు రాలేదు. రాక యేమి చేయుదురు? ఆ కథలో ప్రణయము లేదు, యుద్ధము లేదు. ఒక పేద బ్రాహ్మణ కుటుంబము, కూలుచున్న ఇల్లు, ఇద్దరు పిల్లలు, పండుముసలి యొకతె – ఇంతియే. రాయ్‌గారు తమ బీమా పత్రముపై అప్పు తెచ్చిరి, బంధుమిత్రులను అడిగిరి, ప్రాణప్రదముగా కూర్చుకొన్న పుస్తకములను, గ్రామఫోను రికార్డులను అమ్మిరి.

ఇక పనివారన్ననో, కెమేరా పట్టిన సుబ్రత మిత్రగారు ఇరువదియేండ్లు దాటిన యువకులు. అంతకు ముందెన్నడును సినిమా కెమేరా నడపినవారు గారు. ఫ్రెంచి దర్శకులైన రెన్వార్‌గారు "ది రివర్" చిత్రమును కలకత్తా ప్రాంతమున తీయునపుడు ప్రక్కన నిలిచి చూచి నేర్చినదే వారి విద్య. ఇల్లు, వాకిలి, సామగ్రి అమర్చిన బన్సీ చంద్రగుప్తగారికి కొంత అనుభవము కలదు. దర్శకులకే అది మొదటి చిత్రము. ఉద్యోగము మానిన ఇల్లు గడవదు గనుక, సెలవు దినములందే చిత్రము తీయవలసి వచ్చెను.

1952 అక్టోబరు 27వ తేదీన పని ఆరంభమయ్యెను. కలకత్తాకు దూరమున పాల్సిట్ అను చోట రైలు దారి ప్రక్కన విరియబూసిన రెల్లుపొలము కలదు. అందు అప్పును దుర్గయు – కథలోని తమ్ముడును అక్కయు – మొట్టమొదటిసారి రైలుబండిని చూతురు. ఒక దినము పని జరిగెను. తరువాతి ఆదివారము పోయి చూతురుగదా, రెల్లుపూలు లేవు! పశువులు వచ్చి మేసిపోయినవి. ధనికుల చిత్రమైనచో మరియొక పొలము వెదకించియుందురు. వీరు మరుసటి శరత్తు వచ్చి, మరల రెల్లు పూచువరకు వేచిరి.

ఇచ్చటనే మాకు మన యిండ్లు తలపునకు వచ్చినవి. ఆవకాయకు ఎండ కావలెనన్న ఎండకొరకు వేచుట, పంట చేతికి వచ్చుదనుక పెండ్లి మాట దాచుట మనము ఎరుగనిదా? "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్న పెద్దలు ఈ కాలమున నుండినచో, "చేతిసొమ్ముతో సినిమా తీసి చూడు" అనియు చేర్చియుందురు.

కథలోని యిల్లు కలకత్తా చేరువనున్న బోరాల్ గ్రామములోని ఒక శిథిలగృహము. దానిని అద్దెకు తీసికొని, పగటి దృశ్యములు అందును, రాత్రి దృశ్యములు స్టూడియోలోను తీసిరి. వానకాలమున చేతిలో సొమ్ము లేదు. సొమ్ము దొరకునప్పటికి అక్టోబరు మాసము, ఆకాశము నిర్మలము. అయినను పిల్లలను, సామగ్రిని తీసికొని గ్రామమునకు పోయి మబ్బుకొరకు ఎదురుచూచిరట. తుదకొకనాడు మేఘము కమ్మి జడివాన కురిసెను. దుర్గ వానలో తడిసి యాడిన దృశ్యము అట్లు లభించినదే. పిల్లలిరువురు చలికి గజగజ వణకుచుండగా వేడిపాలలో కొంచెము బ్రాందీ కలిపి త్రాగించిరట. చూచువారికి ఆ వాన కన్నులపండువు. ఆ పిల్లల తల్లులకు ఎట్లుండినదో మేము ఊహింపగలము.

అప్పు వేషమునకు బాలుని వెదకి వెదకి విసిగిరి. పత్రికలలో ప్రకటించిరి. ఒకరు ఆడపిల్లకే జుట్టు కత్తిరించి బాలుడని తీసికొనివచ్చిరట! చివరకు పొరుగింట ఆడుకొనుచున్న సుబీర్ బెనర్జీ అను బాలుని చూచి, "ఇదిగో మీ అప్పు" అని చూపినది బిజయాగారే. ఆ బాలునికి నటన తెలియదు. అక్కను వెదకుచు తడబడుచు నడువుమన్న కొయ్యబొమ్మవలె నడచెడివాడు. అప్పుడు రాయ్‌గారు దారిలో ఎండుపుల్లలు పరపించి వానిని దాటి నడువుమనిరి. రెల్లుచాటున మనుష్యులను దాచి, ఒకసారి ఈ వైపునుండి, ఒకసారి ఆ వైపునుండి పిలిపించిరి. పిల్లవాడు ఆగి, తిరిగి చూచి, మరల నడచెను. కావలసినది లభించెను. అన్నము తినని బిడ్డకు చందమామను చూపి ముద్ద పెట్టు తల్లి యుపాయమునకును దీనికిని భేదమేమి? మిఠాయివాని వెంట పిల్లలు, పిల్లల వెంట కుక్క నడచు దృశ్యముకూడ ఇట్టిదే. కుక్క ఎంతకును వెంట రాకుండగా, దుర్గ వేషధారిణి వీపువెనుక చేతిలో మిఠాయి దాచి పట్టుకొని నడచినదట.

ఇక ముసలమ్మ మాట. ఇందిర్ ఠాక్రూణ్ వేషము వేసిన చునీబాలాదేవిగారు ఒకనాటి నాటకరంగమునందును, మూగచిత్రములందును నటించి, చిరకాలముగా ఎవరికిని గుర్తులేక మరుగుపడియున్నవారు. ఎనుబదియేండ్ల వయస్సు. అంత పేదరికములోను ఆమెకు దినమునకు 20 రూపాయలు చొప్పున ఇచ్చిరి. ఆమె జ్ఞాపకశక్తి ఆశ్చర్యకరము. నెలల వెనుక తీసిన దృశ్యమునకు తరువాయి తీయునపుడు, ఆనాడు తన చేయి తడిగా నుండెననియు, మూట ఏ చేత నుండెననియు ఆమెయే గుర్తు చేసెడివారట. శవయాత్ర దృశ్యమున ఆమెను పాడెకు కట్టి తెల్లవారుజామున మోసికొనిపోయిరి. పని ముగిసి పాడె దింపిన పిదప ఎంత పిలిచినను ఆమె కదలలేదు. అందరి గుండెలును ఆగినవి. అంతట ఆమె కన్ను తెరచి, అయిపోయినదని తనకెవ్వరును చెప్పలేదనియు, అందుచే ఇంకను చచ్చియే యుంటిననియు చెప్పెనట! చిత్రము ప్రజలయెదుటికి రాకమునుపే ఆమె నిజముగనే గతించిరి. ముదుసలులు పనికిరానివారను వారు ఆమె ముఖమును ఆ చిత్రమునందొకసారి చూడవలెను.

తల్లి సర్వజయ వేషము వేసిన కరుణా బెనర్జీగారు రాయ్‌గారి స్నేహితుని భార్య; సంసారము చేసికొనుచున్న యువతి. ఆమె చిన్నకూతురు రుంకియే చిన్ననాటి దుర్గగా కనబడును. అనగా ఆ తల్లి ఒక చేత బిడ్డను, ఒక చేత వేషమును పట్టుకొని యుండెనన్నమాట.

అంతలో చేతిసొమ్ము అయిపోయెను. బిజయాగారి నగలు తాకట్టుకు పోయినవి. అవియు చాలలేదు. ఇంచుమించు ఒక సంవత్సరము పని స్తంభించెను. ఆ మధ్యకాలమున మిఠాయివాని వేషధారి మరణించెను. మిగిలిన భాగమునకు అదే యాకారముగల మరియొకనిని వెనుకనుండి చూపి సరిపెట్టిరి. కుక్కయు చచ్చెను, అట్టి మరియొక కుక్కను తెచ్చిరి. అప్పు గొంతు మారకుండుట, దుర్గ యెదిగి పోకుండుట, ముసలమ్మ బ్రదికియుండుట – ఈ మూడును మూడు అద్భుతములని రాయ్‌గారు చెప్పుకొనిరి.

అప్పుడు రాయ్‌గారి తల్లి సుప్రభాగారు తమ పరిచయములద్వారా ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్‌గారి చెవిని ఈ మాట వేయించిరి. పశ్చిమ వంగ ప్రభుత్వము సొమ్ము విడతలు విడతలుగా ఇచ్చెను. పేరునకు "దారి పాట" యని అర్థము వచ్చుటచే కాబోలు, ఆ సొమ్మును రహదారుల బాగు క్రింద లెక్క వ్రాసిరట! మొత్తము వ్యయము సుమారు లక్షన్నర రూపాయలు. రవిశంకర్‌గారు ఒక్క రాత్రిలో సంగీతమును చాలవరకు సమకూర్చిరి. కూతురి మరణవార్త తండ్రికి తెలుపు ఘట్టమున తల్లి రోదనము వినబడదు. దాని స్థానమున తార్ షెహనాయి ఏడ్చును. 1955 మే 3న న్యూయార్కు నగరమునందలి ఆధునిక కళాసంగ్రహాలయములో చిత్రమును మొదట ప్రదర్శించిరి. ఆగస్టు 26న కలకత్తాలో విడుదలయ్యెను. 1956లో కాన్ ఉత్సవమున బహుమానము పొందెను.

సోదరీమణులారా, మాకు తోచిన సంగతి యిది. చిత్రము పేరు చెప్పగనే లోకము దర్శకుని పేరే తలచును. అది న్యాయమే, వారి ప్రతిభ అట్టిది. కాని పని సాగిన విధము చూడుడు. నగలు ఇచ్చినది భార్య, బిడ్డను వెదకి చూపినదియు నామెయే, ముఖ్యమంత్రివరకు మాట చేర్చినది తల్లి, మూట ఏ చేత నుండెనో గుర్తుంచుకొన్నది ముసలమ్మ. ఉన్నదానితో సరిపుచ్చుట, లేనిదానికి వేచుట, పిల్లలను బుజ్జగించుట – ఇవన్నియు మనము దినదినము చేయు పనులే. హరిశ్చంద్రుని సత్యము నిలుచుటకు చంద్రమతి అమ్ముడుపోయెను గదా! అయినను ఆ కథను చంద్రమతి పేర ఎవరు చెప్పుదురు?

మన తెలుగునాటను ఇట్టివి లేకపోలేదు. 2018లో విడుదలయిన "కేరాఫ్ కంచరపాలెం" చిత్రమున విశాఖపట్టణములోని కంచరపాలెము వాసులే పెక్కు వేషములు వేసిరి. దర్శకులు వెంకటేష్ మహాగారికి అది మొదటి చిత్రము. సొమ్ము పెట్టినవారు అమెరికాలో వైద్యవృత్తి చేయు ప్రవీణా పరుచూరిగారను స్త్రీ. ఆమెయే ఒక ముఖ్యపాత్రను గూడ ధరించిరి. ఆమె పేరు నిర్మాతగా తెరమీద నున్నది. మాకు చాల సంతోషము కలిగెను.

అట్లని అడిగినవారికెల్ల నగలిచ్చి వేయుడని మేము చెప్పుట లేదు. రాయ్‌గారి వంటివారు తరమునకొకరు. కుదువకు పోయి తిరిగిరాని నగలు, మధ్యలో ఆగి పెట్టెలలో పడియున్న చిత్రములు ఎన్నో యుండును. వాని ముచ్చట వ్రాయువారుండరు. కావున మేము ఇట్లు నిశ్చయించుకొంటిమి. పుట్టింటివారు పెట్టిన హారము అమ్మాయి పెండ్లికి కావలెను. దాని మాట ఎత్తవలదంటిమి. పోయినను సంసారము కుంటుపడని గాజుల జత ఒకటి మాత్రము ఇచ్చితిమి. ఇచ్చుచు మూడు మాటలు చెప్పితిమి. "పని ఎంత పేదదైనను వేషమునకు వచ్చిన ముదుసలికి ఆనాటి కూలి ఆనాడే ఇమ్ము. పిల్లలు తడిసినచో ఆరబెట్టి, అన్నము పెట్టి, చీకటి పడకుండ ఇల్లు చేర్చుము. ఎవరు ఏమిచ్చిరో లెక్కలో ఉన్నదున్నట్లు వ్రాయుము. నా గాజులను రహదారి పద్దున వ్రాయకుము."

వాడు నవ్వి, జేబులోని చిన్నపుస్తకము తీసి మాయెదుటనే వ్రాసెను. మావారు కండ్లద్దములు పెట్టుకొని చదివి, ఒక అక్షరదోషము దిద్ది యిచ్చిరి. గాజులు తిరిగివచ్చునో రావో మేము ఎరుగము. కాని మొన్న వాడు ఉత్తరము వ్రాయుచు, అవ్వ వేషము వేయు ఆమెకు మోకాళ్ల నొప్పులనియు, కాపడమునకు ఏమి మంచిదనియు అడిగినాడు. ఆముదము పూసి, వేయించిన ఉప్పుమూటతో కాచుమని బదులు వ్రాసితిమి. వాని పని సరియైన దారిననే యున్నదని మాకు ధైర్యము కలిగెను.