వార్తల్లో పదం: జెనెటిక్ కౌన్సెలింగ్

తల్లికో అక్కకో రొమ్ము క్యాన్సర్ వచ్చిన మహిళ వంటివారికి, తమకెంత ముప్పుందో జన్యుపరీక్షకు ముందూ తర్వాతా వివరించి, నిర్ణయానికి తోడ్పడే సంప్రదింపే జెనెటిక్ కౌన్సెలింగ్. రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉండటంతో ముందుజాగ్రత్తగా రెండు రొమ్ములకూ శస్త్రచికిత్స చేయించుకున్నానని 2013లో హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ ప్రకటించాక దీనిపై ఆసక్తి పెరిగింది.

ఇందులో చెప్పే తీరే కీలకం. ‘ముప్పు ఎక్కువ’ అన్న ఒక్క మాట ఎవరికీ చాలదు. బీఆర్‌సీఏ1 లేదా బీఆర్‌సీఏ2 జన్యులోపమున్న ప్రతి 100 మంది మహిళల్లో 80 ఏళ్లు వచ్చేసరికి సుమారు 70 మందికి ఈ క్యాన్సర్ రావచ్చు, 30 మందికి రాకపోవచ్చు. రెండూ కలిపి చెప్పాలి. అన్నిటికన్నా కష్టమైంది ‘అర్థం తేలని మార్పు’ అనే ఫలితం. జన్యువులో తేడా కనిపించింది, అది హానికరమో కాదో ఇంకా తేలలేదు. దాన్ని చూసి ఆపరేషన్‌కు తొందరపడకూడదు. ఈ సంగతి నిదానంగా, మళ్లీ మళ్లీ చెప్పకపోతే ఆమె తనకు జబ్బు ఖాయమనుకుని ఇంటికెళ్తుంది. అది అన్యాయం.

లోపం తండ్రి వైపు నుంచీ రావచ్చు, అందుకే మేనత్తల ఆరోగ్య చరిత్రా అడుగుతారు. పిల్లలకు సంక్రమించే అవకాశం 50 శాతం. అక్కచెల్లెళ్లకు ఈ కబురు ఎలా చెప్పాలో కౌన్సెలర్ ఆమెతో కలిసి ఆలోచిస్తారు.