నొప్పుల ఇంజెక్షన్: ఎప్పుడు మేలు? ఎప్పుడు ముప్పు?

"నొప్పులు చాలడం లేదు, ఒక సూది వేయించండి" అని కాన్పు సమయంలో ఇంట్లో పెద్దవాళ్ళు తొందరపడటం మామూలే. ఆ సూదిమందు పేరు ఆక్సిటోసిన్. గేదె చేపడం లేదని కొందరు చాటుగా వేసే ఇంజెక్షను కూడా ఇదే. తెలిసిన మందే కదా అని దీన్ని తేలికగా తీసుకోరాదు.

మందు చేసే పని

ఆక్సిటోసిన్ మన మెదడులో సహజంగా తయారయ్యే హార్మోను. ఇది గర్భాశయ కండరాలను ముడుచుకునేటట్లు చేస్తుంది. చనుబాలను చేపుకు తెస్తుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు డ్యూ విగ్నో దీనిని 1953లో ప్రయోగశాలలో తయారుచేసి, 1955లో నోబెల్ బహుమతి పొందాడు.

కాన్పుకు ముందు

బిడ్డ పుట్టక ముందు ఈ మందును సెలైన్‌లో కలిపి, చుక్కలు లెక్కపెట్టి ఎక్కించాలి. బిడ్డ గుండె చప్పుడు వింటూ ఉండాలి. నొప్పులు మితిమీరితే సెలైన్ వెంటనే ఆపవచ్చు. కండకు వేసిన సూదిని వెనక్కు తీయలేము. నొప్పులు విరామం లేకుండా వస్తే బిడ్డకు ప్రాణవాయువు అందదు. గర్భాశయం చిట్లి తల్లికీ ప్రాణాపాయం కలుగవచ్చు. లోగడ సిజేరియన్ అయినవారికి, బిడ్డ అడ్డం తిరిగినవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

కాన్పు తరువాత

బిడ్డ పుట్టిన వెంటనే ఇదే మందు తల్లిని కాపాడుతుంది. 10 యూనిట్లు ఇస్తే గర్భాశయం గట్టిపడి రక్తస్రావం తగ్గుతుంది. ప్రతి కాన్పులోనూ ఇలా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కనుక ఆస్పత్రిలో ఆ సమయంలో ఇచ్చే ఇంజెక్షనుకు భయపడకండి.

చట్టం ఏమంటుంది?

థాలిడోమైడ్ అనే మాత్ర వాడిన గర్భిణులకు అనేక దేశాలలో అవయవ లోపాలతో బిడ్డలు పుట్టారు. 1961లో ఆ మందును జర్మనీ మార్కెట్టు నుంచి తొలగించారు. ఆ తరువాత అమెరికా 1962లో మందుల చట్టాన్ని కఠినం చేసింది. అవసరం లేకుండా, కేవలం సౌకర్యం కోసం నొప్పులు తెప్పించడానికి ఆక్సిటోసిన్ వాడరాదని అక్కడ మందుతో పాటు ఇచ్చే హెచ్చరికలో ఉంటుంది.

మన దేశంలో ఇది షెడ్యూల్ హెచ్ మందు. రిజిస్టరయిన డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదు. బోర్డు మీద "ఆర్.ఎం.పి." అని రాసుకున్నంత మాత్రాన ఎవరూ రిజిస్టరయిన డాక్టరు కారు. పశువులపై దుర్వినియోగం ఆపడానికి 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలు దేశంలో అమ్మకానికి దీనిని తయారుచేయరాదని ఉత్తర్వు ఇచ్చింది. గర్భిణులకు, బాలింతలకు కలిగే ముప్పును ఆలోచించలేదంటూ ఢిల్లీ హైకోర్టు అదే సంవత్సరం డిసెంబరులో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. మందు దొరకకపోయినా ప్రమాదమే, విచ్చలవిడిగా దొరికినా ప్రమాదమే.

మీరు చేయవలసినది

* ఇంటి దగ్గర నొప్పుల సూది వేయించకండి.
* నొప్పులు మొదలవగానే 108కి ఫోన్ చేసి కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడలలో దగ్గరి ప్రభుత్వాస్పత్రికి చేరండి.
* ముందే ఎవరైనా సూది వేసి ఉంటే, ఏ మందో, ఎన్ని గంటలకో దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఖాళీ ఆంప్యూల్ ఉంటే వెంట తీసుకురండి.
* పాత సిజేరియన్ కాగితాలు తప్పక చూపండి.

తొలి కాన్పులో నొప్పులు పన్నెండు గంటలు, అంతకు మించి సాగడం కూడా సహజమే. ఎంతసేపు ఆగవచ్చో పరీక్షించిన డాక్టరును చెప్పనివ్వండి.