కంచె చేను మేస్తే ఏమైతది? బర్మా ఆర్మీని చూడుండ్రి

థాయ్‌లాండ్ల కంప్యూటర్ నౌకరీ అని ఏజెంట్లు చెప్తరు. బ్యాంకాక్ల దిగినంక బండెక్కించి, నది దాటించి మయన్మార్ల మ్యావడీ దిక్కు అప్పజెప్తరు. అక్కడ పాస్‌పోర్ట్ గుంజుకొని, ఫోన్ల మీద జనాన్ని ముంచే పని చేయిస్తరు. 2025 మార్చిల మన సర్కారు వాయుసేన విమానాలు పంపి 500 మందికి పైగా వాపసు తెచ్చింది. అండ్ల తెలుగు పోరగాళ్లు గూడ ఉన్నరు.

అంత పెద్ద ఆర్మీ ఉన్న దేశంల గీ దందా ఎట్ల నడిచింది? జవాబు ఆ ఆర్మీ తీరులనే ఉన్నది.

మయన్మార్ అంటే మన పెద్దలు బర్మా అన్న దేశమే. అక్కడి ఆర్మీ పేరు తత్మడా. ఆంగ్‌సాన్ 1941ల జపాన్ సాయంతోని పెట్టిన దళం నుంచి అది పుట్టింది. దేశాన్ని పుట్టిచ్చింది మేమే, ఏలేది గూడ మేమే అన్నది వాళ్ల లెక్క. 1962ల జనరల్ నేవిన్ గద్దెనెక్కి దుకాణాలు, కంపెనీలు సర్కారు పరం చేసిండు. తాతల కాలం నుంచి అక్కడ బతికిన మనోళ్లు ఉత్త చేతులతోని వాపసొచ్చిన్రు. విశాఖల బర్మా క్యాంపుకు ఆ పేరు ఊకెనే రాలె.

ఇగ అసలు కిటుకు 2008ల ఆర్మీ రాయించుకున్న రాజ్యాంగంల ఉన్నది. పార్లమెంటుల 664 సీట్లుంటే 166 ఆర్మీవే. వాటికి ఓట్లుండయి, సేనాధిపతి పేర్లు రాసిస్తే చాలు. అంటే నూటికి 25. రాజ్యాంగంల ముఖ్యమైనవి మార్చాలంటే నూటికి 75 దాటాలె. ఆర్మీ వద్దంటే మిగిలినోళ్లంతా ఒక్కటైనా దాటదు. రక్షణ, హోం, సరిహద్దు శాఖల మంత్రులను గూడ సేనాధిపతే చెప్తడు. పోలీసులు హోం శాఖ కింద ఉంటరు. అంటే లాఠీ, తుపాకీ రెండూ ఒక్కని చేతులనే.

పైసలు గూడ అంతే. ఎంఈహెచ్ఎల్, ఎంఈసీ అని ఆర్మీకి రెండు పెద్ద కంపెనీలున్నయి. బ్యాంకులు, గనుల నుంచి బీర్ల దాకా వాటికి వాటాలున్నయి. ఖర్చు కోసం జనం ముందట చెయ్యి చాపే పని లేనోనికి, జనం మాట వినే అక్కర ఏముంటది?

2020 నవంబర్ల ఆంగ్‌సాన్ సూచీ పార్టీ 396 సీట్లు గెలిచింది. 2021 ఫిబ్రవరి 1న కొత్త పార్లమెంటు కూసునే దినమే సేనాధిపతి మిన్ ఆంగ్ లయింగ్ అధికారం గుంజుకున్నడు. తండ్రి పెట్టిన ఆర్మీ బిడ్డను జైల్ల వేసింది. జనం రోడ్ల మీదికొస్తే కాల్చింది. దాంతోని పోరగాళ్లు అడవి బాట పట్టి తుపాకులు అందుకున్నరు.

యుద్ధంల సిపాయిలు తక్కువ పడ్డరు. 2024 ఫిబ్రవరిల ఆర్మీ పాత చట్టం బయటికి తీసింది. 18 నుంచి 35 ఏండ్ల మొగోళ్లు, 18 నుంచి 27 ఏండ్ల ఆడోళ్లు ఆర్మీల పనిచేయాలె. ఎమర్జెన్సీ ఉంటే రెండేండ్లు కాస్తా ఐదేండ్లు అయితది. వయసు పిల్లలు సరిహద్దు దాటి ఉరికిన్రు.

ఇప్పుడు మ్యావడీ సంగతికి వద్దాం. అక్కడి కరెన్ తిరుగుబాటుదార్ల నుంచి చీలిన ఒక గుంపును 2010ల ఆర్మీ తన కింద బోర్డర్ గార్డ్ ఫోర్స్ చేసుకున్నది. బేరం సాఫ్ సీదా: మా మీద పేల్చకుండ్రి, మీ జాగల మీరు సంపాదించుకోండ్రి. ఆ జాగలనే మోసాల అడ్డాలు లేసినయి. తర్వాత ఆ దళం కరెన్ నేషనల్ ఆర్మీ అని పేరు మార్చుకున్నది. గా దందాలకు అండగా ఉన్నదని 2025 మేల అమెరికా దాని మీద ఆంక్షలు పెట్టింది.

ఆర్మీ బలంగ ఉంటే దేశం బాగుంటదని మనల శానామంది అనుకుంటరు. ఆర్మీకి బలం ఉండాలె, తప్పు లేదు. అయితే దాని పగ్గం ఎవలి చేతుల ఉన్నదన్నదే అసలు ముచ్చట. ఓటుకు లొంగని తుపాకీ ఇంటోళ్లనూ కాపాడదు, నౌకరీ కోసం పోయి ఇరుక్కున్న పరాయోళ్లనూ కాపాడదు.