అగ్నిమాపక శకట సారథ్యం

అగ్నిని దేవతగా కొలిచిన దేశం మనది. అదే అగ్ని అదుపు తప్పితే ఏమవుతుందో మన ఇతిహాసాలకు తెలియనిది కాదు. ఖాండవ వనం దహనమవుతున్న వేళ మంటలను చల్లార్చడానికి ఇంద్రుడు మేఘాలను పంపగా, అర్జునుడు బాణాలతో పందిరి వేసి ఆ వాన చినుకులను అడ్డగించాడని మహాభారతం చెబుతుంది. నిప్పును ఆర్పడానికి వచ్చే నీటికి దారిలో అడ్డు తగలడం నాటి నుంచీ ఉన్నదే. నేటి నగరాలలో ఆ నీరు మేఘాలపై రాదు. ఎర్రని శకటంపై, కిక్కిరిసిన రహదారుల మీదుగా వస్తుంది. దానిని క్షేమంగా గమ్యం చేర్చే బాధ్యత ఒక సారథిది.

సామాన్య ప్రజలు ఈ వాహనాన్ని ఫైరింజన్ అంటారు. దాన్ని నడిపేవానికి అగ్నిమాపక శాఖలో డ్రైవర్ ఆపరేటర్ అని పేరు. ఈ రెండవ పదం గమనింపదగినది. వాహనం ఆగగానే అతని పని ముగియదు. అప్పటి వరకు చక్రాలను తిప్పిన యంత్రమే ఆ తరువాత నీటి పంపును తిప్పుతుంది. గొట్టం కొసన నిలిచిన సహచరునికి ఎంత ఒత్తిడితో నీరందించాలో నిర్ణయించేది ఇతడే. దారి పొడవునా ఆవేశంతో ఊగిపోయి, వణుకుతున్న చేతులతో దిగిన మనిషి ఆ పనిని చక్కగా చేయలేడు. కాబట్టి ప్రశాంత చిత్తం ఈ వృత్తిలో అలంకారం కాదు, అవసరం.

101 సంఖ్యకు పిలుపు రాగానే కేంద్రంలో గంట మోగుతుంది. సిబ్బంది పరుగున వచ్చి స్థానాలలో కూర్చుంటారు. తలుపులన్నీ మూసి, అందరూ బెల్టులు పెట్టుకొన్నారని తెలిసిన తరువాతనే వాహనం కదలాలి. వెనుక మెట్టుపై నిలబడి వేలాడుతూ ప్రయాణించడం వీరోచితంగా కనిపించవచ్చు గాని, ఒక్క కుదుపుకు ప్రాణం తీయగల అలవాటు అది. డ్రైవరు పక్కన ఎడమ వైపు దళనాయకుడు కూర్చుంటాడు. దారి చెప్పడం, ఎడమ వైపు వచ్చే వాహనాలను కనిపెట్టడం, కేంద్రంతో వైర్‌లెస్‌లో మాట్లాడడం అతని పనులు. డ్రైవరు చూపు మాత్రం రోడ్డు మీదనే ఉండాలి.

ఈ శకటం స్వభావం ఇతర వాహనాల వంటిది కాదు. మన నగరాలలో తిరిగే మామూలు అగ్నిమాపక శకటం తొట్టిలో సుమారు 4,500 లీటర్ల నీరు పడుతుంది. లీటరు నీరు కిలోగ్రాము గనుక ఆ నీటి బరువే నాలుగున్నర టన్నులు. పంపు, నిచ్చెనలు, గొట్టాలు, సిబ్బంది కలిస్తే మొత్తం బరువు పది టన్నులు దాటుతుంది. పైగా ఇసుక వలె, ఇటుకల వలె ఈ బరువు కుదురుగా ఉండదు. బ్రేకు వేసినప్పుడు వాహనం ఆగినా జడత్వం వల్ల నీరు ముందుకు ఉరికి తొట్టి గోడను కొడుతుంది. మలుపు తిరిగినప్పుడు వెలుపలి వైపుకు ఎగబాకి వాహనాన్ని ఆ వైపే పడదోయాలని చూస్తుంది. ఈ అలజడిని తగ్గించడానికి తొట్టిలో అడ్డుపలకలు అమరుస్తారు. నిండు తొట్టి కంటే సగం నిండిన తొట్టి ప్రమాదకరం. నీటికి కదలడానికి చోటు దొరుకుతుంది కదా! నిండుకుండ తొణకదన్న మన పెద్దల మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అందుకే తొట్టిని ఎప్పుడూ పూర్తిగా నింపి ఉంచుతారు. గరిమనాభి ఎత్తులో ఉండడం మరొక చిక్కు. కారు సునాయాసంగా తిరిగిన మలుపులోనే ఈ శకటం బోల్తా పడవచ్చు. వేగాన్ని మలుపులో కాక మలుపుకు ముందే తగ్గించాలనే సూత్రం అందువల్లనే పుట్టింది.

వేగం గురించి ప్రజలలో ఒక అపోహ ఉంది. మంటలు రేగుతున్నప్పుడు ఎంత వేగంగా వెళితే అంత మేలని అనుకుంటారు. చిన్న లెక్క వేసి చూడవచ్చు. నాలుగు కిలోమీటర్ల దూరం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఆరు నిమిషాలు, 60 కిలోమీటర్ల వేగంతో నాలుగు నిమిషాలు పడుతుంది. కాగితం మీద రెండు నిమిషాలు మిగిలినట్లే. కాని నగరంలో నాలుగు కిలోమీటర్లు అడ్డు లేకుండా సాగే దారి ఎక్కడిది? తిన్నని రోడ్డుపై సంపాదించిన క్షణాలను తరువాతి కూడలి మింగివేస్తుంది. ఇక నష్టం చూస్తే, గతిజశక్తి వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం 40 నుంచి 60కి పెరిగితే శక్తి రెండుంపావు రెట్లవుతుంది. వాహనం ఆగడానికి కావలసిన దూరం కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. ఆపదను చూసి కాలు బ్రేకు మీదకు చేరేలోపే అంత దూరం గడిచిపోతుంది.

నలోపాఖ్యానంలో దీనికి సరిపోయే ఘట్టం ఒకటి ఉంది. బాహుకుడనే మారుపేరుతో నలుడు రథం తోలుతుండగా ఋతుపర్ణుని ఉత్తరీయం జారిపడింది. రథం ఆపమని రాజు అడిగేసరికే వారు యోజనం దూరం దాటిపోయారు. నలుడు అశ్వహృదయం ఎరిగినవాడు గనుక అంత వేగం అతనికి చెల్లింది. అదీగాక ఆ దారిలో ఆటోలు లేవు, బడి వదిలిన పిల్లలు లేరు. నగర రహదారిపై జారిపడేది ఉత్తరీయం కాకపోవచ్చు.

నిజంగా నిమిషాలు మిగిలేది వేరే చోట్ల. పిలిచినవారు చిరునామా స్పష్టంగా చెప్పాలి. హైదరాబాదు ఇంటి నంబర్లలోని గీతలు, అడ్డగీతల కంటే పక్కనున్న గుడి, బడి, సినిమా హాలు వంటి ఆనవాళ్ళే త్వరగా దారి చూపుతాయి. డ్రైవరుకు తన పరిధిలోని వీధులన్నీ కంఠస్థం కావాలి. బేగం బజారు సందులలో ఏ వేళ సరుకు లారీలు నిలుస్తాయో, ఏ రైల్వే గేటు ఎప్పుడు పడుతుందో, ఏ వంతెన కింద నిచ్చెన తగులుతుందో, ఏ వీధి తవ్వి వదిలేశారో అతడు ముందుగా తెలుసుకోవాలి. బోనాలు, మొహర్రం, వినాయక నిమజ్జనం వంటి సందర్భాలలో దారులు మారుతాయి. కొంచెం చుట్టుదారి అయినా తెరిపిగా ఉన్న రోడ్డే మంచిదన్న వివేకం పటం చూస్తే రాదు, తిరిగితే వస్తుంది.

అన్నింటికంటే గండం కూడలి. ఎర్రదీపం ఉన్నా దాటడానికి ఫైరింజనుకు అనుమతి ఉంది. అయితే ఆకుపచ్చ దీపం చూసి అడ్డంగా వస్తున్నవానికి ఆ సంగతి తెలియాలి కదా! అందుచేత అనుభవజ్ఞుడైన డ్రైవరు ఎర్రదీపం దగ్గర వేగం బాగా తగ్గించి, అవసరమైతే పూర్తిగా ఆపి, ఒక్కొక్క వరుసలోని వాహనాలు నిలిచాయని నిర్ధారించుకొని ముందుకు సాగుతాడు. ఎదుటివాని చూపు తనపై పడిందని తెలిసే వరకు అతడు చూడలేదనే భావించడం మంచిది.

సైరన్ మోగుతున్నది కదా, అందరూ వింటారులే అనుకోవడం పొరపాటు. అద్దాలు మూసిన కారులో శీతలయంత్రం, పాటల హోరు మధ్య ఆ ధ్వని చాలా దగ్గరికి వచ్చే వరకు వినబడదు. చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొన్న ద్విచక్ర వాహనదారుని సంగతి చెప్పనవసరం లేదు. ఎత్తైన భవనాల మధ్య ధ్వని పరావర్తనం చెంది, ఎటు నుంచి వస్తున్నదో తెలియకుండా చేస్తుంది. శకటం వేగం పెరిగిన కొద్దీ హెచ్చరికకు, రాకకు మధ్య వ్యవధి తగ్గిపోతుంది. మరొక చిక్కు కూడా ఉంది. పెద్ద ప్రమాదాలకు రెండు మూడు కేంద్రాల నుంచి వాహనాలు బయలుదేరుతాయి. అవి ఒకే కూడలికి వేర్వేరు దిక్కుల నుంచి రావచ్చు. తన సైరన్ మోతలో ఎదుటి ఫైరింజన్ మోత డ్రైవరుకు వినపడదు. రోడ్డుపై ఉన్నవారు కూడా ఒకటి పోగానే దారి ఖాళీ అయిందనుకొని కదులుతారు. వెనుక రెండవది వస్తుంది.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు అత్యవసర వాహనాలకు ఎర్రదీపం దాటడానికి, వేగపరిమితి మించడానికి వీలు కల్పించాయి. అయితే అది తగిన జాగ్రత్తతో, బాధ్యతతో మాత్రమే. అంటే ఆ అనుమతి మినహాయింపే గాని అధికారం కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194ఇ సెక్షన్ ప్రకారం ఫైరింజనుకు, అంబులెన్సుకు దారి ఇవ్వనివారికి ఆరు నెలల వరకు జైలు గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. దారి ఇవ్వడమంటే ఉన్నచోట హఠాత్తుగా బ్రేకు వేయడం కాదు. సూచన ఇస్తూ క్రమంగా రోడ్డు ఎడమ అంచుకు చేరి ఆగాలి. మలుపులో, వంతెన మీద ఆగితే దారి మరింత ఇరుకవుతుంది. ఫైరింజను వెనుకనే తోకవలె అంటుకొని పోయేవారు కొందరున్నారు. వారి తెలివికి తగిన పేరు నిఘంటువులలో దొరకదు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టైకిన్ అనే నౌక పేలినప్పుడు 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృతిలో ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు వారోత్సవాలు జరుగుతాయి. ఆ సిబ్బంది మంటల ఎదుట నిలిచి మరణించారు. దారిలో వాహనం బోల్తాపడి మరణించడం అటువంటిది కాదు. శకటం ఢీకొంటే ఆపదలు రెండవుతాయి. మొదటి మంట మండుతూనే ఉంటుంది, దానికి నీరందదు. రెండవచోట గాయపడినవారికి మరొక వాహనం పంపాలి. కాలుతున్న ఇంట్లో ఎవరున్నారో డ్రైవరుకు తెలియదు. రోడ్డు దాటుతున్న వృద్ధురాలు మాత్రం కళ్ళెదుటే ఉంటుంది. కనబడని ప్రాణం కోసం కనబడే ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ప్రమాదస్థలం చేరిన తరువాత కూడా సారథికి పని ఉంది. సందులో వెనుకకు నడపవలసి వస్తే ఒకరు దిగి సైగలతో దారి చూపుతారు. తలపై వేలాడే విద్యుత్తు తీగలను, కింద బలహీనమైన మురుగు కాలువ మూతలను గమనించాలి. శకటాన్ని గాలి వచ్చే వైపు, కూలే గోడకు అందనంత దూరంలో నిలుపుతారు. తరువాత వచ్చే నిచ్చెన వాహనానికి చోటు వదలాలి.

మంట ఆరాక తిరుగు ప్రయాణం. అప్పుడు సైరన్ లేదు, ప్రత్యేక హక్కులూ లేవు. ఎర్రదీపం దగ్గర అందరితో పాటు ఆగవలసిందే. శరీరం అలసి ఉంటుంది, తొట్టిలో నీరు సగమే ఉంటుంది. కేంద్రం చేరగానే ముందుగా తొట్టి నింపి, టైర్లు, బ్రేకులలోని గాలి ఒత్తిడి, దీపాలు పరీక్షించి, తడిసిన గొట్టాలను ఆరవేసి ఎండిన గొట్టాలను సర్దుతారు. గంట మళ్ళీ ఎప్పుడైనా మోగవచ్చు.