ఆఫర్ లెటర్ వచ్చింది.. సర్టిఫికెట్లు కాలేజీలోనే!

క్యాంపస్‌లో సెలెక్ట్ అయిన రోజు రాత్రి మా హాస్టల్ రూమ్‌లో ఎనిమిది మందిమి బిర్యానీ తెప్పించుకుని పండగ చేసుకున్నాం. 2019 సంగతి. జులైలో కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. పది రోజుల్లో జాయినింగ్, ఒరిజినల్స్ అన్నీ పట్టుకుని రమ్మని. మర్నాడే కాలేజీకి వెళ్లా. లైబ్రరీ సార్ సంతకం పెట్టారు, ల్యాబ్ సార్ పెట్టారు. అకౌంట్స్ కౌంటర్ దగ్గర నో డ్యూస్ ఫారం ఆగిపోయింది.

‘నీ పేరు మీద 70 వేలు చూపిస్తుంది బాబూ.’

నేను బాకీ లేను. ఏటా కట్టాల్సింది కడుతూనే వచ్చా. ఆ 70 వేలు మూడు, నాలుగో ఏడాదికి ప్రభుత్వం నుంచి రావాల్సిన రీయింబర్స్‌మెంట్. అదే చెబితే ఆయన కూల్‌గా, ‘సర్కారు ఇయ్యలేదు, మేమేం చేస్తం? కట్టి తీస్కపో. పైసలు వచ్చినంక వాపస్ ఇస్తం’ అన్నారు.

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. ఫైనలియర్‌లో అందరం కోడింగ్, ఆప్టిట్యూడ్, రెజ్యూమె అంటూ తిరుగుతాం. మన పేరు మీద ఎంత డ్యూ ఉందో ఒక్కసారి కూడా అడగం. అది బయటపడేది జాయినింగ్‌కు వారం ముందు.

మన ఫీజులో ఎవరి వాటా ఎంత?

మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. కన్వీనర్ కోటాలో సీటొచ్చింది. కాలేజీ ఫీజు ఏడాదికి 62 వేలు. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఎంసెట్‌లో 10 వేల లోపు ర్యాంకు ఉంటే ఫీజు మొత్తం ప్రభుత్వానిది. ఆ పైన ర్యాంకైతే 35 వేల వరకే. నా ర్యాంకు గురించి ఇక్కడ మాట్లాడుకోవద్దు గానీ, మిగతా 27 వేలు ఏటా మా నాయిన కట్టారు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఈ ర్యాంకు లెక్క లేదు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఎవరికైనా రీయింబర్స్‌మెంట్ రాదు.

ఈ పథకం ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైంది. అది లేకపోతే నాలాంటివాళ్లలో చాలామంది ఇంజినీరింగ్ గడప తొక్కేవాళ్లం కాదు, ఆ మాట చెప్పి తీరాలి. గొడవంతా డబ్బు వచ్చే టైమ్‌తోనే. మనం ఈపాస్‌లో అప్లై చేస్తాం, మీసేవలో ఆదాయం సర్టిఫికెట్ తెస్తాం, 75 శాతం హాజరు కోసం జ్వరంలోనూ క్లాసుకెళ్తాం. ఫీజు మంజూరైందని స్టేటస్‌లో కనిపిస్తుంది. కానీ మంజూరు వేరు, విడుదల వేరు. ఆ రెండింటి మధ్య ఏళ్లు గడిచిపోతాయి. కాలేజీల ఇబ్బందీ అబద్ధం కాదు, లెక్చరర్లకు జీతాలివ్వాలి కదా. బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి. అయినా ప్రభుత్వం, కాలేజీ తేల్చుకోవాల్సిన లెక్కలో తాకట్టు పడేది మన సర్టిఫికెట్లే.

ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లు ఈ డబ్బు తల్లుల ఖాతాల్లో పడింది, తర్వాత మళ్లీ కాలేజీలకే ఇచ్చే పద్ధతికి మారింది. మీరు ఆ మధ్యలో చదివినవాళ్లయితే ఏ విడత ఎవరి ఖాతాలో పడిందో, అది కాలేజీకి చేరిందో లేదో అమ్మ పాస్‌బుక్ దగ్గర పెట్టుకుని చూసుకోండి. వచ్చిన డబ్బు ఇంటి అవసరానికి వాడేసి, ఆ సంగతే మర్చిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

14 నెలల వడ్డీ

మళ్లీ నా కథకొస్తా. నాయినకు ఫోన్ చేస్తే రెండే మాటలన్నారు: ‘నువ్వు ముందుగాల జాయినవ్. నేను చూస్త.’ మూడో రోజుకు 70 వేలు తెచ్చిచ్చారు. ఎక్కడివని నేను అడగలేదు. అడగాల్సింది. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చారట. అంటే నెలకు 1,400. కాలేజీ ఆ డబ్బు వాపస్ ఇచ్చేసరికి 14 నెలలు పట్టింది. వడ్డీ ఒక్కటే 19,600. చేతికొచ్చే నా నెల జీతం కంటే కొంచెం తక్కువ, అంతే. ఈ లెక్క నాకు తెలిసింది రెండేళ్ల తర్వాత, అదీ అమ్మ నోరు జారితే.

ఆ వాపసైనా రావడానికి ఒకే ఒక్క కారణం, రసీదు. డబ్బు కట్టేటప్పుడు ‘ట్యూషన్ ఫీజు’ అని మాత్రమే రాయబోతే, మా సీనియర్ ఒకాయన పక్కనుండి ‘రీయింబర్స్‌మెంట్ బదులు కట్టినది, ప్రభుత్వం నుంచి విడుదల కాగానే తిరిగి ఇవ్వవలెను’ అని రాయించారు. నాతో పాటు కట్టిన ఇద్దరు ఆ మాట రాయించుకోలేదు. వాళ్లు ఎన్నిసార్లు వెళ్లినా ‘రికార్డులో లేదు’ అన్న సమాధానమే.

అందుకే నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్‌లోనే అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్లి, మీ పేరు మీద ఏ ఏడాదికి ఎంత డ్యూ ఉందో కాగితం మీద అడగండి. నోటితో చెబితే ఒప్పుకోవద్దు. ప్రిన్సిపల్ పేరిట ఒక లెటర్ రాసి, కాపీ మీద స్టాంప్ వేయించుకోండి. ఈపాస్‌లో మీ నాలుగేళ్ల స్టేటస్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. నేను టెక్ బ్లాగర్‌ని కాబట్టి దీనికేదో యాప్ చెబుతాననుకోకండి. ఒక గూగుల్ షీట్ చాలు. తేదీ, మొత్తం, దేనికి, రసీదు నంబరు, ఎవరు కట్టారు. ఐదు కాలమ్‌లు. రసీదుల ఫొటోలు అదే డ్రైవ్‌లో పడేయండి. థర్మల్ పేపర్ రసీదైతే ఏడాదికల్లా అక్షరాలు మాయమవుతాయి, ఆ రోజే ఫొటో తీయండి.

ఇంకో మాట. కాలేజీలో చేరేటప్పుడు మీరిచ్చిన టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్‌ను సరిచూసి వెనక్కి ఇచ్చేయాలని, అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ఆదేశాలిచ్చింది. లెటర్‌లో ఆ సంగతి ప్రస్తావించండి. గొడవ పెట్టుకోమని కాదు, రూల్ తెలిసినవాడితో మాట్లాడే తీరు మారుతుంది. అలాగే హెచ్ఆర్‌కు దాచకుండా మెయిల్ చేయండి. కొంత గడువిచ్చే కంపెనీలూ ఉన్నాయి. డిజీలాకర్‌లో మీ యూనివర్సిటీ మెమోలు పెట్టిందేమో కూడా చూడండి. నేను భయపడి హెచ్ఆర్‌ను అడగనే లేదు. అడిగుంటే ఆ రెండు రూపాయల వడ్డీ అప్పు తప్పేదేమో.

బ్యాంకు లోన్ ఉన్నవాళ్లకు

లోన్ మీద చదివినవాళ్ల లెక్క వేరు. బ్యాంకులో విద్యారుణం సాధారణంగా కోర్సు అయ్యాక ఏడాది వరకు కట్టక్కర్లేదు. దీన్నే మారటోరియం అంటారు. కట్టక్కర్లేదంటే వడ్డీ లేదని కాదు. ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లలో 4 లక్షలు తీసుకున్నారనుకోండి, వడ్డీ 10 శాతం. మారటోరియం ముగిసేసరికి బారు వడ్డీ లెక్కనే 1,40,000 అవుతుంది. పదేళ్ల వాయిదాలైతే ఈఎంఐ దాదాపు 7,100. చదువుతున్నప్పుడే వడ్డీ వరకు కట్టుకుంటూ వస్తే అదే ఈఎంఐ 5,300 దగ్గర ఆగుతుంది. మొదటి ఏడాది ఆ వడ్డీ నెలకు 833 రూపాయలే. మీరు ఫైనలియర్‌లో ఉంటే పాత నెలలు తిరిగి రావు గానీ, జూనియర్లకు చెప్పండి.

ఇంట్లో ఏడాది ఆదాయం 4.5 లక్షల లోపుంటే వృత్తివిద్యా కోర్సుల లోన్‌కు మారటోరియం కాలంలో వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. కాలేజీకి న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉండాలి. అర్హత ఉండి కూడా ఆదాయం సర్టిఫికెట్ ఇవ్వక వదిలేసుకున్నవాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. బ్రాంచికి వెళ్లి మీ ఖాతాలో ఆ సబ్సిడీ పడిందా అని అడగండి.

ఉద్యోగం ఇంకా రాలేదు, మారటోరియం అయిపోతోంది అంటే బ్యాంకు ఫోన్ ఎత్తకుండా ఉండటం మాత్రం చేయొద్దు. వాయిదా తప్పితే మీతో పాటు లోన్‌లో సంతకం పెట్టిన నాన్న సిబిల్ స్కోరూ పడిపోతుంది. బ్యాంకు ఉద్యోగాలకు ప్రిపేరవుతున్నారా? ఆ నోటిఫికేషన్లలో క్రెడిట్ రికార్డు సరిగ్గా ఉండాలన్న షరతు ఉంటోంది, ఒకసారి చదవండి. ముందే వెళ్లి మేనేజర్‌ను కలిసి వాయిదాల కాలం పెంచమని అడగొచ్చు.

మొన్న దసరాకు ఊరెళ్తే మా చిన్నమ్మ కొడుకు కలిశాడు. ఫైనలియర్. ‘అన్నా, ప్లేస్‌మెంట్స్‌కు ఏ కోర్స్ చేయమంటవ్?’ అని అడిగాడు. ముందు రసీదులు తీస్కరా అన్నా. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి తెచ్చాడు. ఒక్కోటీ షీట్‌లో ఎక్కిస్తే రెండో ఏడాదిది లేదు. డూప్లికేట్ కోసం లెటర్ అక్కడే కూర్చుని రాయించా. సోమవారం స్టాంప్ వేయించుకున్న కాపీ ఫొటో వాట్సాప్‌లో పంపాడు.