చిరునామాలు నాలుగు.. సభ్యత్వం దేనితో?
పాత ఈ-మెయిల్ మూతపడక ముందే మార్చుకోవాలి

కళాశాల ఇచ్చిన ఈ-మెయిల్ ఒకటి, ఉద్యోగంలో చేరాక కార్యాలయానిది మరొకటి, సొంతంగా తెరుచుకున్నవి ఒకటో రెండో.. చదువుకున్న యువతలో చాలామందికి మూడు నాలుగు చిరునామాలు ఉంటున్నాయి. పూర్వ విద్యార్థుల సంఘం, పరిశోధన బృందం, సాఫ్ట్‌వేర్ సమూహం వంటి మెయిలింగ్ జాబితాల్లో ఏ చిరునామాతో చేరారో కొన్నాళ్లకు గుర్తుండదు. పాత ఖాతా మూతపడగానే ఉద్యోగ ప్రకటనలు, సదస్సుల సమాచారం ఆగిపోతాయి. ఆ సంగతి తెలిసేసరికి దరఖాస్తు గడువు దాటిపోతుంది.

మనిషిని కాదు.. చిరునామానే
జాబితాను నడిపే సాఫ్ట్‌వేర్‌కు వ్యక్తితో పనిలేదు. నమోదైన చిరునామానే అది సభ్యునిగా గుర్తిస్తుంది. కళాశాల ఖాతాకు వచ్చే ఉత్తరాలను జీమెయిల్‌కు మళ్లించుకున్నవారు అక్కడి నుంచే జవాబు రాస్తే, సభ్యులకే అనుమతి ఉన్న జాబితా దానిని నిర్వాహకుని పరిశీలనకు నిలిపివేస్తుంది లేదా తిప్పి పంపుతుంది. సభ్యత్వం రద్దు చేయాలని కోరినా ఫలితం ఉండదు. జీమెయిల్ తన చిరునామాల్లోని చుక్కలను లెక్కలోకి తీసుకోదు. జాబితాలు మాత్రం చుక్క ఉన్నదానిని, లేనిదానిని వేర్వేరుగా చూస్తాయి.

హెచ్చరికా అందదు
మూతపడిన ఖాతాకు పంపిన ఉత్తరాలు తిరిగి వస్తుంటాయి. విస్తృతంగా వాడుకలో ఉన్న మెయిల్‌మన్ సాఫ్ట్‌వేర్ వీటిని రోజుకు ఒకటి చొప్పున లెక్కిస్తుంది. సాధారణ అమరికల ప్రకారం ఆ లెక్క 5కు చేరితే పంపిణీ నిలిచిపోతుంది. ఆపై వారానికొకటి చొప్పున 3 హెచ్చరికలు పంపి సభ్యత్వాన్ని తొలగిస్తుంది. ఆ హెచ్చరికలూ మూతపడిన చిరునామాకే వెళ్లడంతో సభ్యునికి ఏమీ తెలియదు.

వాడకుండా వదిలేసిన ఖాతాలకూ ముప్పు ఉంది. రెండేళ్లపాటు ఉపయోగించని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. ‘రచ్చబండ’ వంటి తెలుగు సాహిత్య చర్చా బృందాలకు వేదికైన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరు 15న మూతపడింది. ఇలా వేదిక మారినప్పుడు నిర్వాహకులు తమ దగ్గరున్న చిరునామాలకే ఆహ్వానం పంపగలరు. అవి పనిచేయకపోతే పాత సభ్యులు దూరమైనట్లే.

ఏం చేయాలి?
* ముందుగా ఏ జాబితా ఏ చిరునామాకు వస్తోందో రాసి పెట్టుకోవాలి. జాబితా ఉత్తరాల్లో గ్రహీతగా సాధారణంగా జాబితా పేరే కనిపిస్తుంది. జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్’ తెరిస్తే ఉత్తరం ఏ దారిన వచ్చిందో తెలుస్తుంది.
* అన్ని సభ్యత్వాలకూ సంస్థలతో సంబంధం లేని సొంత చిరునామా ఒక్కదానినే వాడటం మేలు.
* మెయిల్‌మన్ రెండో తరం జాబితాల్లో సభ్యుని పేజీలోనే చిరునామా మార్చుకోవచ్చు. అదే సర్వర్‌లోని ఇతర జాబితాలకూ ఆ మార్పును ఒకేసారి వర్తింపజేయవచ్చు. కొత్త చిరునామాకు వచ్చే ధ్రువీకరణ లేఖకు స్పందించాకే మార్పు అమలవుతుంది.
* మూడో తరం మెయిల్‌మన్‌లో ఒకే ఖాతాకు పలు చిరునామాలు జోడించుకోవచ్చు. ప్రధాన చిరునామాతో సభ్యత్వం తీసుకుంటే, దానిని మార్చినప్పుడు సభ్యత్వాలన్నీ కొత్తదానికి మారతాయి.
* రెండు చిరునామాల నుంచీ రాయాల్సి వస్తే రెండింటినీ చేర్పించి, ఒకదానికి పంపిణీ నిలిపివేయాలి. ఉత్తరం ఒక్కసారే అందుతుంది, జవాబు మాత్రం ఎక్కడి నుంచైనా రాయవచ్చు.
* మార్చుకునే వీలు లేనిచోట కొత్త చిరునామాతో చేరి, ఉత్తరాలు అందుతున్నట్లు తేలాకే పాతదానిని తొలగించాలి.

నిర్వాహకుల వంతు
సభ్యులు కోరినప్పుడు చిరునామా మార్చే అధికారం నిర్వాహకులకు ఉంటుంది. అయితే కొత్త చిరునామా నుంచి వచ్చిన విన్నపాన్ని నమ్మి వెంటనే మార్చడం సరికాదు. పాత చిరునామాకు లేఖ రాసి నిర్ధారించుకోవాలి. అది పనిచేయకపోతే ఫోన్‌లోనో, తెలిసిన మరో సభ్యుని ద్వారానో విచారించాలి. లేకుంటే ఒకరి పేరుతో మరొకరు చొరబడే ప్రమాదం ఉంది.

కళాశాల ఖాతా మూతపడిన తర్వాత దానికి వచ్చే ధ్రువీకరణ లేఖలు తెరిచే వీలుండదు. అందువల్ల విద్యార్థులు చివరి సెమిస్టర్‌లోనే ఈ మార్పులన్నీ పూర్తి చేసుకోవాలి. ఉద్యోగం మారేవారు రాజీనామా లేఖ ఇచ్చేముందే ఈ పని ముగించుకోవడం మంచిది.